పదిహేడో బిళ్ళ

ఫోంతెర్నాక్
1977 అక్టోబరు 12, బుధవారం

ప్రియమైన అక్కా,

ఈ ఉదయం బురుజు మెట్ల రెండో మలుపులో, కిటికీ గట్టు మీద, రెండు బేరిపండ్ల తొడిమలు గింజలతో సహా పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. శుభ్రంగా తిన్నవి, రంగు మారినవి. తిన్నది ఎవరో గానీ మర్యాదస్తుడు అనిపించింది. నేల మీద పారెయ్యలేదు.

ఆ మర్యాదస్తుణ్ణి అప్పటికి పావుగంట ముందే అంబులెన్సులో మీ ఆసుపత్రికి తీసుకుపోయారు.

ఆయన పేరు దెల్వాల్. డెబ్భై ఒక్కేళ్ళు. ఉత్తరాదిన రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడట. పాత ఊళ్ళు చూస్తూ బస్సుల్లో ఒంటరిగా తిరుగుతున్నాడు. సోమవారం నాలుగున్నరకి మ్యూజియంలో నా దగ్గర టికెట్టు కొన్నాడు. చెక్కిన రాళ్ళన్నీ చూసి, తర్వాత బురుజు ఎక్కాడు. నేను చివరి బృందాన్ని తీసుకుని పాత మఠం వసారా చూపించడానికి వెళ్ళాను. ఐదున్నరకి మా కాపలాదారు ప్లాంతాద్ గారు బురుజు తలుపు తాళం వేశారు. నిన్న మంగళవారం, మాకు సెలవు. ఈ పొద్దున తొమ్మిదింటికి ఆయన తలుపు తీస్తే కింది మెట్ల మీద ఆ పెద్దాయన పడి ఉన్నాడు. రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. కిటికీలన్నీ నది వైపే. వానల తర్వాత ఆనకట్ట హోరు నీకు తెలిసిందే. తలుపేమో నాలుగు వేళ్ళ మందం.

నువ్వు మా బురుజు ఎప్పుడూ ఎక్కలేదు కాబట్టి ఇది చెప్పాలి. ప్లాంతాద్ గారు ఈ కాపలా ఉద్యోగంలోకి రాకముందు బొగ్గుగని కార్మికుడు. గనిలోకి దిగేముందు ఒక్కొక్కరూ ఒక ఇత్తడి బిళ్ళ తీసుకుంటారట, పైకి వచ్చాక మళ్ళీ తగిలిస్తారట. కొక్కెం ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. ఆ పద్ధతినే ఆయన ఇక్కడికి తెచ్చారు. తలుపు పక్కన పలక మీద ఇరవై కొక్కేలు, ఇరవై బిళ్ళలు. బురుజు ఎక్కేవాళ్ళు ఒకటి తీసుకుని, దిగాక తగిలించాలి. అన్నీ కనబడితేనే తాళం. పన్నెండేళ్ళలో ఒక్క పొరపాటు జరగలేదు.

పదిహేడో నంబరు బిళ్ళని ఆగస్టులో ఎవరో జేబులో వేసుకుపోయారు. అప్పటి నుంచి ఆ కొక్కెం ఖాళీ. సోమవారం పలక మీద ఎప్పటిలాగే పందొమ్మిది ఉన్నాయని, పైకి చూసి రెండుసార్లు కేక కూడా వేశానని ప్లాంతాద్ గారు అంటున్నారు.

ఆ పెద్దాయన ఎలా ఉన్నాడో కనుక్కుని రాయవా? ఫోన్ చెయ్యకు. ఆఫీసులో అందరూ వింటారు.

నీ
ఒదిల్


ఆసుపత్రి నర్సుల వసతి గృహం
అక్టోబరు 14

ప్రియమైన చిట్టెలుకా,

కనుక్కునే పని లేదు. ఆయన నా వార్డులోనే ఉన్నాడు. తుంటి ఎముక విరిగింది. దానికంటే న్యుమోనియా భయపెడుతోంది. స్పృహ వస్తూ పోతూ ఉంది. ఇంజన్ల పక్కన బతికిన మనిషి కదా, చెవులు సరిగ్గా వినబడవు. మీ ప్లాంతాద్ కాదు, చర్చి గంట మోగినా పై అంతస్తులో ఆయనకి వినబడి ఉండదు.

నిన్న పొద్దున కళ్ళు తెరిచి, "రైలు ఎన్నింటికమ్మా?" అని అడిగాడు. ఇవాళ రైళ్ళు లేవు, సమ్మె అన్నాను. "అయితే సరే, మనవాళ్ళే" అని నవ్వి మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు. లీల్ నుంచి కూతురు వస్తోంది. బట్టల దుకాణంలో పనిచేస్తుందట. టెలిఫోన్లో ఆమె ఏడవలేదు. "మా నాన్న ఎక్కడ పడిపోయారు?" అని మూడుసార్లు అడిగింది. బురుజులో అని నేను మూడుసార్లు చెప్పాను.

ఆయన కోటు జేబులో ఒక గుండ్రటి ఇత్తడి బిళ్ళ దొరికింది. మీద పదిహేడు అని ఉంది. అదేమిటో నాకు తెలియలేదు, అప్పటికి నీ ఉత్తరం చదవలేదు. వచ్చిన పోలీసుకి ఇచ్చేశాను. నువ్వు పోయిందన్న బిళ్ళ ఆయన జేబులోకి ఎలా వచ్చింది?

నువ్వెందుకు అంత బెంబేలు పడుతున్నావో నాకు అర్థం కాలేదు. టికెట్టు అమ్మావు, రాళ్ళ గురించి చెప్పావు, అంతే కదా. వేడిగా ఏమైనా తింటున్నావా, లేక పుస్తకం పక్కన పెట్టుకుని రొట్టె ముక్క నములుతున్నావా? నీ రెండో రకం భోజనం నాకు తెలుసు.

మీ అక్క
రెజీన్


ఫోంతెర్నాక్
అక్టోబరు 17, సోమవారం

ప్రియమైన అక్కా,

ఆ బిళ్ళే ప్లాంతాద్ గారిని ముంచింది.

శనివారం మమ్మల్నిద్దర్నీ మేయర్ ఆఫీసుకి పిలిచారు. డిప్యూటీ మేయరు బ్రుగేర్ గారు పలకను తెప్పించి బల్ల మీద పెట్టారు. బిళ్ళలు ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టారు. పందొమ్మిది. పోలీసులు ఇచ్చిన ఇరవయ్యో దాన్ని పక్కన పెట్టారు. పదిహేడు ఎక్కడా పోలేదు, అందరి కళ్ళముందే ఉంది కదా అన్నారు. కొక్కెం ఖాళీగా ఉన్నా మనిషి పైన ఉన్నాడని చూసుకోకుండా తాళం వేశారు, ఇప్పుడు పోయిందని కథ చెబుతున్నారు అన్నారు. గట్టిగా అనలేదు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు.

ప్లాంతాద్ గారు లేచి నిలబడ్డారు. టోపీ రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు.

"ఇరవై రెండేళ్ళు గనిలో చేశానండీ. ఖాళీ కొక్కెం చూసి తలుపు వేసే మనిషినా నేను?"

తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఆగస్టులో పోయిందా, లేదా?"

నాకు గుర్తు లేదన్నాను.

బ్రుగేర్ గారు దాన్ని రాసుకున్నారు. ప్లాంతాద్ గారు నన్ను చూస్తూనే ఉన్నారు. కోపంగా కాదు. తెలియని భాషలో ఎవరో ఏదో అంటే చూసినట్టు చూశారు.

ఆయన్ని ఉద్యోగంలో నుంచి పక్కన పెట్టారు. బురుజు వాకిట్లో వాళ్ళుంటున్న రెండు గదులు ఆ ఉద్యోగంతో వచ్చినవే. సర్వపునీతుల పండుగ లోపు, అంటే నవంబరు ఒకటి లోపు ఖాళీ చెయ్యమన్నారు. ఆయన భార్య లెయోనీ గారికి ఆరేళ్ళుగా నడుము కింద కదలిక లేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని సంత చూస్తుంటారు. ఎవరు ఎన్ని ఉల్లికాడలు కొన్నారో ఆవిడకి తెలుసు. ఆ కిటికీ పోతే ఆవిడకి ఏం మిగులుతుందో నేను ఆలోచించలేకపోతున్నాను.

ఊళ్ళో ఆయన్ని పలకరించడం మానేశారు. నిన్న మాంసం కొట్టు దగ్గర కసాయి అందరిముందూ ఆయన్ని పేరు పెట్టి పిలిచి, "గనిలో ఎంతమందిని వదిలేసి వచ్చావ్ ఓనోరే?" అన్నాడు. నవ్వినవాళ్ళూ ఉన్నారు. ఆయన మాంసం తీసుకోకుండానే వెళ్ళిపోయారు.

ఈ వారం మ్యూజియానికి జనం ఎక్కువ. పన్నెండో శతాబ్దపు చెక్క మరియమ్మ విగ్రహం ముందు ఎవరూ ఆగడం లేదు. "ఆ తలుపు ఏదీ?" అని అడుగుతున్నారు. నేను చూపిస్తున్నాను.

పెద్దాయన ఎలా ఉన్నాడో రాయి. తొందరగా రాయి.

నీ
ఒదిల్


అక్టోబరు 19

ఒదిల్,

ఆయన అలాగే ఉన్నాడు. జ్వరం దిగడం లేదు. కూతురు పక్కనే కూర్చుని ఉంది.

ఇక నీ సంగతి. ఎనిమిదేళ్ళ వయసులో నువ్వు పునీతుల పేర్లన్నీ పండుగ తేదీలతో సహా అప్పజెప్పి, బిషప్ గారి చేత బొమ్మ బహుమతి పుచ్చుకున్నావు. అమ్మ పోయిన రోజు నువ్వు చదివిన కన్యస్త్రీల మఠంలో మధ్యాహ్నం ఏం వడ్డించారో కూడా నీకు గుర్తే. అలాంటిదానివి రెండు నెలల కిందట బిళ్ళ పోయిందో లేదో గుర్తు లేదంటావా? పోయిందని పన్నెండో తారీకున నాకు నీ చేత్తోనే రాశావు. ఆ ఉత్తరం ఇక్కడే, నా దిండు కింద ఉంది.

నిన్ను నిలదీసే ఉద్దేశం లేదు. కానీ నాకైనా నిజం చెప్పు.

రెజీన్


ఫోంతెర్నాక్
అక్టోబరు 20

అక్కా,

బిళ్ళ తిరిగి వచ్చింది. పదో తారీకు సోమవారం పొద్దున, తొమ్మిది గంటల టపాలో. నాంత్ నుంచి ఒకావిడ పంపింది. వాళ్ళమ్మాయి కోటు అస్తరులోకి జారిపోయిందట. చలికాలం కోసం కోట్లు దులుపుతుంటే బయటపడిందట. క్షమించమని నాలుగు వాక్యాలు, చక్కటి చేతిరాత.

నేను దాన్ని తీసి పదిహేడో కొక్కేనికి తగిలించాను. అక్కడ పది అడుగుల దూరంలో ప్లాంతాద్ గారు వాకిలి ఊడుస్తున్నారు. పలక వైపు ఆయన సాయంత్రం తప్ప చూడరు. బిళ్ళ వచ్చిందండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు.

అంతకుముందు గురువారం నుంచీ నేను ఆయనతో మాట్లాడటం లేదు. ఆ రోజు తులూజ్ నుంచి వచ్చిన టీచర్ల బృందానికి రాళ్ళు చూపిస్తుంటే, వెనక నుంచి ఆయన అన్నారు, "కాస్త గట్టిగా చెప్పమ్మా. సమాధి రాళ్ళ కింద పడుకున్నవాళ్ళు ఎలాగూ వినరు, వచ్చినవాళ్ళన్నా విననీ." టీచర్లు పగలబడి నవ్వారు. ఒకావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టి నా మీదికి వంగింది. మిగతా రాళ్ళు వదిలేసి నేరుగా వసారాలోకి నడిచాను. ఆయన హాస్యానికే అన్నారు. రోజూ అంటూనే ఉంటారు. కానీ ఆ రోజు నొచ్చుకున్నాను. నొచ్చుకుంటే నోరు మూసుకోవడం ఒక్కటే మఠంలో నేను బాగా నేర్చుకున్న విద్య.

దెల్వాల్ గారు ఆ సాయంత్రం చెయ్యి చాపి, ఇరవైలో పదిహేడునే తీసుకున్నారు. ఐదున్నరకి ప్లాంతాద్ గారు చూసేసరికి పలక రెండు నెలలుగా ఎలా ఉందో అలాగే ఉంది. ఆయన చూసింది నిజం, చెప్పింది నిజం.

నాంత్ కవరు నా దగ్గరే ఉంది. నిఘంటువులో పెట్టాను. రెండుసార్లు పొయ్యి దగ్గరిదాకా తీసుకెళ్ళాను. ఒకసారి దాని మూల కొద్దిగా కాలింది కూడా. ఆర్పేశాను.

పిరికిదాన్నని నువ్వు అనక్కర్లేదు. రోజుకి వందసార్లు నేనే అనుకుంటున్నాను. ఈ ఉద్యోగం పోతే నాకేం చేతనవును? మనుషుల మధ్య నిలబడి నేను మాట్లాడగలిగేది రాళ్ళ గురించే. ఇంకేదీ మాట్లాడలేను. జైలు భయం కూడా ఉంది. దానికంటే ఎక్కువగా, ఆ గదిలో నిలబడి నోరు తెరవడం భయం. ఇది నీకు నవ్వులాట అనిపిస్తుంది. నాకు కాదు.

లెయోనీ గారి కిటికీ కింద నుంచి వెళ్ళకుండా ఉండటానికి చేపల బజారు చుట్టూ తిరిగి వస్తున్నాను. నిన్న అక్కడా ప్లాంతాద్ గారు ఎదురయ్యారు. ఇల్లు వెతుకుతున్నారు. కింది అంతస్తులో ఉండాలి, కిటికీ ఉండాలి. నన్ను చూసి టోపీ తీశారు.

ఆ పెద్దాయన బతికితే అంతా తేలిగ్గా పోతుంది కదా అక్కా? బతికితే ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు కదా? బతుకుతాడని రాయి.

ఒదిల్


అక్టోబరు 22, శనివారం

నా చిట్టెలుకా,

దెల్వాల్ గారు నిన్న మధ్యాహ్నం పోయారు. కూతురు చెయ్యి పట్టుకుని ఉంది, నేను అవతలి వైపు ఉన్నాను. ఇబ్బంది పడలేదు.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. గురువారం ఆయనకి గంటసేపు తెలివి బాగా వచ్చింది. కూతురికి మీ ఊరి గురించి చెప్పాడు. వీణ వాయించే గాడిద బొమ్మ ఒకటి ఉందట కదా, అది చూసి చాలా సంతోషపడ్డాడట. "టికెట్ల దగ్గర పిల్ల ఎంత మెల్లగా చెప్పిందో! నాకు సగం వినబడలేదనుకో. దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. దగ్గరికి వెళ్ళాక రాయి బాగా కనబడింది" అన్నాడు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. చలిగా ఉండిందని మాత్రం అన్నాడు.

కూతురు ఆయన్ని ఉత్తరాదికి తీసుకుపోతోంది. తాళం వేసిన మనిషి పేరు ఆమె నన్ను అడిగింది. ప్లాంతాద్ అని ఎవరో ముందే చెప్పారట. ఆ పేరు ఒక కాగితం మీద రాసుకుంది. నేను పక్కనే నిలబడి ఉండి కూడా ఏమీ అనలేదు ఒదిల్. నీ కోసం నేనూ నోరు మూసుకున్నాను. ఇంకోసారి ఆ పని చెయ్యను.

కవరు పట్టుకుని సోమవారం వెళ్ళు. మాట రాకపోతే బల్ల మీద పెట్టు, అదే మాట్లాడుతుంది. నువ్వు వెళ్ళలేదని తెలిస్తే మంగళవారం మొదటి బస్సుకి నేనే వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను, ఊరంతా చూస్తుండగా. ఆ తర్వాత నిన్ను పనిలో నుంచి తీసేస్తే నా గదిలో ఇంకో మంచం పడుతుంది. కొలిచి చూశాను.

నువ్వంటే ప్రాణం పెట్టే
మీ అక్క


ఫోంతెర్నాక్
అక్టోబరు 26, బుధవారం

ప్రియమైన అక్కా,

వెళ్ళాను. నువ్వు చెప్పినట్టే కవరు బల్ల మీద పెట్టాను. బ్రుగేర్ గారు నాంత్ ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదివారు. కవరు మీది తపాలా ముద్ర తేదీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. కాలిన మూలని వేలితో తడిమారు గానీ దాని గురించి ఏమీ అడగలేదు. తర్వాత కళ్ళజోడు తీసి, "బిళ్ళ తగిలించి, చెప్పడం మరచిపోయావన్నమాట" అన్నారు. మరచిపోలేదండీ, ప్లాంతాద్ గారితో మాట్లాడటం లేదు కాబట్టి చెప్పలేదు అన్నాను. ఇంత పెద్ద వాక్యం ఆ గదిలో నా నోట వస్తుందని అనుకోలేదు. "ఈ వయసులో అలకలు మామూలే" అన్నారాయన. నాకు హెచ్చరిక కాగితం ఒకటి ఇస్తారట. పోలీసులు ప్రమాదమని రాసి ముగిస్తారట. లీల్‌లో ఉన్న కూతురికి ఆఫీసు తరఫున జరిగింది జరిగినట్టు రాస్తారు.

ప్లాంతాద్ గారికి తాళంచెవులు నిన్ననే తిరిగి ఇచ్చేశారు. ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన పొయ్యి ముందు కూర్చుని నిప్పుల మీద కాల్చడానికి చెస్ట్‌నట్ కాయలకి గాట్లు పెడుతున్నారు. నేను నిలబడే అంతా చెప్పాను. ఆయన కత్తి ఆపలేదు. ఇంకో పది పన్నెండు కాయలు అయ్యాక అన్నారు.

"ఖాళీ కొక్కెం చూశాను. అడగాల్సింది నేను. గనిలో అయితే అడిగేవాణ్ణి. ఇక్కడ పైన ఉండేది చూడ్డానికి వచ్చినవాళ్ళే కదా అని బద్ధకించాను." తర్వాత, "నా నోరు మంచిది కాదమ్మా. ఆ రోజు టీచర్ల ముందు అలా అనకుండా ఉండాల్సింది" అన్నారు.

లెయోనీ గారు నన్ను దగ్గరికి రమ్మని, వేడి కాయలు నా చేతి రుమాల్లో పోసి మూట కట్టారు. ఈ మధ్య చేపల బజారు వైపు నుంచి తిరిగి పోతున్నావేం, అటు గాలి ఎక్కువ కదా అన్నారు. ఆవిడకి అన్నీ కనబడతాయి.

ఈ ఉదయం కసాయి మా వాకిట్లోకే వచ్చి ప్లాంతాద్ గారికి ఒక పొట్లం ఇచ్చాడు. ఆయన తీసుకున్నారు.

ఒక్కరూ నన్ను తిట్టలేదు అక్కా. తిడతారని ప్రతి గుమ్మం దగ్గరా కాసేపు ఆగాను. అందరూ దయగా ఉన్నారు. నువ్వూ మంచం కొలిచావు. ఇంక ఈ సంగతి అయిపోయిందని నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ
ఒదిల్

27, గురువారం

పై సంతకం నిన్న పెట్టాను. కవరు అంటించలేకపోయాను.

మ్యూజియం వీధి తలుపు తాళంచెవి ఒకటి నా దగ్గర ఉంటుంది. సెలవు రోజున అక్కడ ఎవరూ ఉండరని చదువుకోవడానికి వెళ్తుంటాను. ఆ మంగళవారం కూడా రెండింటి నుంచి నాలుగున్నర దాకా రాళ్ళ గదిలో ఉన్నాను. గది పక్కనే ఉన్న బురుజు తలుపు వెనక చప్పుడైంది. చాలాసేపు, మధ్యమధ్యలో ఆగుతూ అయింది. ప్లాంతాద్ గారు సెలవు రోజున లోపల ఏవో మరమ్మతులు చేస్తుంటారు, ఆయనే మేకులు కొడుతున్నారనుకున్నాను. నేనున్నానని తెలిస్తే పలకరిస్తారని, ఆ చప్పుడు ఆగిపోయేదాకా కదలకుండా కూర్చున్నాను.